సర్వర్‌కి స్పీడ్ కొనే ముందు, అసలు ఎక్కడ ఆగుతోందో చూడండి

ఫోన్ బాక్స్ మీద "8జీబీ + 8జీబీ ర్యామ్" అని కనిపిస్తే మనం నవ్వుకుంటాం కదా. ఆ రెండో 8జీబీ ర్యామే కాదని, స్టోరేజ్‌లో ఓ ముక్క పక్కన పెట్టి దానికి ర్యామ్ అని పేరు తగిలించారని ఇప్పుడు ఇంటర్ చదివే కుర్రాడు కూడా చెప్పేస్తాడు. 108 మెగాపిక్సెల్ అన్నంత మాత్రాన ఫొటో బాగా రాదనీ తెలుసు. ఫోన్ల దగ్గర ఇంత తెలివిగా ఉండే మనమే సర్వర్ అనే మాట వినగానే ఆ తెలివంతా పక్కన పెట్టేస్తాం. సెకనుకి 7000 ఎంబీ అని రాసి ఉంటే చాలు, కార్ట్‌లో వేసేస్తాం.

నేనూ అదే చేశాను. నా డబ్బుతో చేసుకుని ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. చేసింది మా బాబాయ్ డబ్బుతో.

తెనాలి స్టూడియో కథ

మా బాబాయ్‌కి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. ఒకప్పుడు పెళ్లంటే నాలుగు రీళ్లు, ఒక వీడియో క్యాసెట్. ఇప్పుడు రెండు కెమెరాలు, ఒక డ్రోన్, అంతా 4కే. హల్దీ నుంచి అప్పగింతల దాకా కలిపితే ఒక్కో పెళ్లికి 600జీబీ దాటుతోంది. స్టూడియోలో మూడు ఎడిటింగ్ సిస్టమ్‌లు. ఫుటేజ్ ఎవరి సిస్టమ్‌లో ఎక్కడుందో వెతుక్కోవడమే సగం పని. 2023లో బాబాయ్ ఫోన్ చేసి, "ఏరా, అన్నీ ఒకేచోట ఉండేలా ఒక సర్వర్ పెట్టించు. లక్షా ముప్పై దాకా పెడతాను" అన్నాడు.

లక్షా ముప్పై వేలు! నా చేతిలో అంత బడ్జెట్ ఎప్పుడూ పడలేదు. వారం రోజులు నిద్రపోకుండా రివ్యూలు చూశాను. చివరికి తేలిన లిస్ట్ ఇది. బోర్డు, ప్రాసెసర్, క్యాబినెట్, పవర్ సప్లై కలిపి 58,000. ఆర్‌జీబీ లైట్లున్న 64జీబీ డీడీఆర్5, అదీ 6000 స్పీడ్‌ది, 22,000. 2టీబీ జెన్ 4 ఎన్‌వీఎంఈలు రెండు, 32,000. పూర్తయిన పెళ్లిళ్లు దాచడానికి 8టీబీ హార్డ్ డిస్క్ ఒకటి, 18,000. లెక్క సరిగ్గా లక్షా ముప్పై. యూపీఎస్, రెండో హార్డ్ డిస్క్ గురించి బాబాయ్ అడిగితే "తర్వాత చూద్దాం" అన్నాను.

సెట్ చేసిన రోజు బెంచ్‌మార్క్ పెట్టాను. సెకనుకి 7000 ఎంబీ చిలుచిలుకు వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను. సాయంత్రం బాబాయ్ తన సిస్టమ్ నుంచి ఒక పెళ్లి ఫోల్డర్ సర్వర్‌లోకి కాపీ పెట్టాడు. సెకనుకి 112 ఎంబీ. గంటన్నర పట్టింది.

"ఏరా, ఇంత పెట్టాం కదా, పాతదానిలాగే ఉందేంటి?" అన్నాడు.

కారణం చూస్తే నాకే సిగ్గేసింది. సర్వర్ బోర్డులో 2.5 గిగాబిట్ పోర్ట్ ఉంది. కానీ స్టూడియోలో ఉన్న స్విచ్ పాతది, 1 గిగాబిట్‌ది. మూడు సిస్టమ్‌ల్లో ఉన్న నెట్‌వర్క్ కార్డులూ అంతే. 1 గిగాబిట్ అంటే కాగితం మీద సెకనుకి 125 ఎంబీ, చేతికి వచ్చేది 110 నుంచి 118. మామూలు హార్డ్ డిస్క్ కూడా పెద్ద ఫైల్ అయితే సెకనుకి 200 ఎంబీ ఇస్తుంది. అంటే నేను కొన్న ఆ రెండు ఎన్‌వీఎంఈల స్పీడ్‌లో 98 శాతానికి పైగా ఆ వైరు దగ్గరే ఆగిపోయింది. ఆరు లైన్ల హైవే వేసి, చివర్లో రైల్వే గేటు వదిలేసినట్టు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది నవ్వుకునే కథే. మరుసటి ఏడాది మాఘమాసం ముహూర్తాల్లో ఆ ఒక్క హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. రెండో రోజుకి సర్వర్‌కి కనపడటం మానేసింది. అందులో ఉన్న పెళ్లిళ్లు చాలావరకు అప్పటికే డెలివరీ అయిపోయినవి. రెండు కాలేదు. ఒకదాని ఫుటేజ్ మెమరీ కార్డుల్లో ఇంకా ఉంది, బతికిపోయాం. రెండో పెళ్లి కార్డులు ఫార్మాట్ చేసేసి వేరే పెళ్లికి వాడేశారు. డేటా రికవరీకి పంపిస్తే చాలావరకు వచ్చింది. అప్పగింతల వీడియో, 40 నిమిషాలది, రాలేదు. రికవరీకి అయిన ఖర్చు, నేను "తర్వాత చూద్దాం" అన్న రెండో హార్డ్ డిస్క్ ధర కంటే ఎక్కువ.

బాబాయ్ ఆ పెళ్లివాళ్ల ఇంటికి స్వయంగా వెళ్లి చెప్పాడు. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాడు. నన్ను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి ఎవరైనా "సర్వర్‌కి ఏ ర్యామ్, ఏ ఎస్ఎస్‌డీ తీసుకోమంటావ్" అని అడిగితే నేను మోడల్ పేరు చెప్పడం మానేశాను. నా అభిప్రాయం ఒక్కటే. స్పీడ్‌కి డబ్బు పెట్టడం తప్పు కాదు. పని ఎక్కడ ఆగుతోందో తెలియకుండా పెట్టడం తప్పు. అలా పెట్టిన డబ్బు ఊరికే పోదు, ఇంకేదో ముఖ్యమైనదాని వాటా తినేసి మరీ పోతుంది. నా విషయంలో అది తిన్నది రెండో కాపీని.

వంటింట్లో ఉప్పు, వీధి చివర కిరాణా

లెక్క అర్థం కావాలంటే ముందు ఈ మూడింటి మధ్య దూరం ఎంతో తెలియాలి. ర్యామ్‌లో ఉన్న డేటా ప్రాసెసర్‌కి అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ నుంచి రావాలంటే సుమారు 100 మైక్రోసెకన్లు, మంచిదైతే ఇంకా తక్కువ. హార్డ్ డిస్క్ నుంచి అయితే 10 మిల్లీసెకన్ల దాకా. లోపల పళ్లెం తిరగాలి, ముల్లు సరైన చోటికి వెళ్లాలి కదా. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది.

ఈ నంబర్లు మన బుర్రకి ఎక్కవు. అందుకే ర్యామ్ టైమ్‌ని 1 సెకను అనుకుందాం. పొయ్యి పక్కన అరలో ఉన్న ఉప్పు డబ్బా అందుకున్నంత సేపు. అదే లెక్కలో ఎన్‌వీఎంఈ అంటే 17 నిమిషాలు. చెప్పులేసుకుని వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లి ఉప్పు ప్యాకెట్ తెచ్చుకున్నట్టు. హార్డ్ డిస్క్ అంటే 28 గంటలు. ఇవాళ పొద్దున 9కి అడిగితే రేపు మధ్యాహ్నం 1కి వస్తుంది.

వర్చువల్ ర్యామ్ అంటే మనం ఎందుకు నవ్వుతామో ఇప్పుడు అర్థమైంది కదా. ర్యామ్ చాలక సర్వర్ స్టోరేజ్‌ని ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడితే, ప్రతి చిటికెడు ఉప్పుకీ కిరాణా కొట్టుకి పరిగెత్తడమే.

అయితే ఇందులో ఇంకో వైపు ఉంది. 28 గంటల తర్వాత వచ్చేది చిటికెడు ఉప్పు కాదు, లారీ. హార్డ్ డిస్క్ ఒకసారి చోటు పట్టుకుందంటే ఆగకుండా సెకనుకి 200 ఎంబీ దించుతుంది. కాబట్టి పెద్ద పెద్ద వీడియో ఫైళ్లు వరసగా చదవడానికి అది చెత్తదేం కాదు. చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి అడిగితేనే చస్తుంది. అలాంటివి సెకనుకి 100 నుంచి 200 వరకే చేయగలదు. అదే మామూలు ఎస్ఎస్‌డీ వేలల్లో, మంచి ఎన్‌వీఎంఈ లక్షల్లో చేస్తుంది.

అంటే "ఏది ఫాస్ట్" అనే ప్రశ్నకి అసలు జవాబే లేదు. మీ పని లారీ పనా, చిటికెడు పనా అన్నదే ప్రశ్న.

స్పీడ్ నిజంగా కావలసిన చోటు

బాబాయ్ స్టూడియోది లారీ పని. దానికి పూర్తిగా రివర్స్ కేస్ ఒకటి హైదరాబాద్‌లో చూశాను. నా ఫ్రెండ్ ఒకడు కోచింగ్ సెంటర్‌కి ఆన్‌లైన్ మాక్ టెస్టుల సైట్ నడుపుతాడు. ఆదివారం పొద్దున 10 గంటలకి గ్రూప్స్ మాక్ టెస్ట్. 800 మంది ఒకేసారి లాగిన్. నెలకి ఇంత అని అద్దెకి తీసుకున్న సర్వర్, 2జీబీ ర్యామ్, వెనకాల హార్డ్ డిస్క్. మొదటి పది నిమిషాల్లోనే సైట్ పడిపోయేది. పిల్లలు ఫోన్ చేసి గోల. వాడు "ప్రాసెసర్ చాలట్లేదు మామా, డబుల్ ప్లాన్‌కి వెళ్లిపోతా" అన్నాడు.

"ఆగరా, ముందు లెక్క వేద్దాం" అన్నాను. తెనాలి దెబ్బ అప్పటికే తగిలింది కదా. ఒక్కో విద్యార్థి 30 సెకన్లకి ఒక జవాబు నొక్కినా, 800 మందికి సెకనుకి 27 జవాబులు. ఒక్కో జవాబు సేవ్ చేయడానికి డేటాబేస్ డిస్క్‌ని నాలుగైదు సార్లు ముట్టుకుంటుంది. అక్కడికే సెకనుకి 100 దాటిపోయింది. దానికి తోడు ప్రశ్నలు చదవడం, లాగిన్ చూడటం. హార్డ్ డిస్క్ ఓపిక అయిపోయింది. ప్రాసెసర్ గ్రాఫ్ చూస్తే 20 శాతం దగ్గర ఖాళీగా కూర్చుని ఉంది. డిస్క్ కోసం ఎదురుచూస్తోంది అంతే.

డేటాబేస్ మొత్తం సైజు 5జీబీ. అందులో ఆ రోజు టెస్టుకి కావలసింది 2జీబీ కూడా ఉండదు. ర్యామ్ 8జీబీకి పెంచి, డిస్క్ ఎస్ఎస్‌డీకి మార్చాడు. ప్రాసెసర్ అదే. వచ్చే ఆదివారం సైట్ కదల్లేదు. డబుల్ ప్లాన్ కంటే తక్కువకే అయిపోయింది. ఎందుకంటే చదవాల్సిందంతా ర్యామ్‌లోనే కూర్చుంది, రాయాల్సింది మాత్రమే ఎస్ఎస్‌డీకి వెళ్తోంది.

ఇక్కడ ఒక్కటి గమనించండి. బాబాయ్ సర్వర్‌లో 64జీబీ ర్యామ్ ఉంది. 600జీబీ పెళ్లి అందులో పట్టదు. పైగా వీడియో ఒకసారి చదివి ముందుకి పోయేదే కాబట్టి దాచుకున్నా పెద్దగా లాభం లేదు. అక్కడ 64 దండగ. ఇక్కడ 8జీబీ ప్రాణం నిలబెట్టింది. ర్యామ్ ఎంత అన్నది కాదు, మళ్లీ మళ్లీ అడిగే డేటా అందులో పడుతుందా లేదా అన్నదే లెక్క.

1987 నాటి ఐదు నిమిషాల రూల్

ఇది నేను కనిపెట్టింది కాదు. డేటాబేస్‌ల మీద చేసిన పనికి 1998లో ట్యూరింగ్ అవార్డ్ అందుకున్న జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్జోలుతో కలిసి 1987లోనే ఒక పేపర్ రాశాడు. దానికి ఐదు నిమిషాల రూల్ అని పేరు. విషయం సింపుల్. ఒక డేటా ముక్కని ఐదు నిమిషాలకి ఒకసారైనా అడుగుతున్నారంటే దాన్ని మెమరీలో ఉంచడమే చవక. అంతకంటే అరుదుగా అడుగుతుంటే డిస్క్‌లో పడేయడం చవక.

ఇందులో నాకు నచ్చింది ఏంటంటే, ఆయన "మెమరీ ఫాస్ట్, అందుకే మెమరీ కొనండి" అనలేదు. మెమరీ ధర ఎంత, డిస్క్‌ని ఒకసారి ముట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఎంత, రెండూ ఎక్కడ సమానం అవుతాయి అని లెక్క వేశాడు. అంటే స్పీడ్‌ని రూపాయల్లోకి మార్చాడు. ధరలు మారినప్పుడు ఆ ఐదు నిమిషాలూ మారతాయి. అందుకే 1997లో ఒకసారి, 2007లో మరోసారి అదే లెక్కని కొత్త ధరలతో మళ్లీ వేశారు. రూల్‌లో నంబర్ మారొచ్చు. పద్ధతి మాత్రం మారలేదు.

ఈ పద్ధతి మర్చిపోతే ఎంత పెద్ద కంపెనీకైనా దెబ్బే. 2015లో ఇంటెల్, మైక్రాన్ కలిసి 3డీ ఎక్స్‌పాయింట్ అనే మెమరీ ప్రకటించాయి. ఇంటెల్ దాన్ని ఆప్టేన్ పేరుతో అమ్మింది. మామూలు ఎస్ఎస్‌డీల కంటే చాలా ఫాస్ట్, ర్యామ్ కంటే చవక. వినడానికి అద్భుతం. నిజంగా మంచి టెక్నాలజీయే, కొన్ని డేటాబేస్ పనుల్లో దాని ముందు ఏదీ నిలబడేది కాదు. కానీ ఆ మధ్య మెట్టుకి అంత ధర పెట్టాల్సిన అవసరం ఉన్నవాళ్లు తక్కువయ్యారు. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు చెప్పేసింది. స్పీడ్ ఉంది, కొనేవాడికి ఆ స్పీడ్‌తో పని లేదు.

ర్యామ్: ముందు సైజు, తర్వాత నమ్మకం, చివర్లో స్పీడ్

గేమింగ్ పీసీ అలవాటుతో మనం ర్యామ్ అనగానే 6000, 6400 అని మొదలుపెడతాం. ఫైల్ సర్వర్‌లో, చిన్న వెబ్ సర్వర్‌లో 4800కి, 6000కి తేడా మీ కంటికి కనపడదు. పైగా ఆ 6000 అన్నది చాలా కిట్‌లలో ఓవర్‌క్లాక్ ప్రొఫైల్ ఆన్ చేస్తేనే వచ్చే స్పీడ్. రోజుకి 24 గంటలు, ఏడాది పొడవునా ఆగకుండా నడవాల్సిన మెషీన్‌కి అది అవసరమా? అసలైన సర్వర్ ర్యామ్ ఎప్పుడైనా చూశారా? పచ్చ బోర్డు, నల్ల చిప్పులు, లైట్ల ఊసే ఉండదు.

దాని బదులు ఆ డబ్బు ఈసీసీ ర్యామ్ మీద పెట్టొచ్చు. ర్యామ్‌లో అప్పుడప్పుడూ ఒక బిట్ దానంతట అదే తారుమారు అవుతుంది. ఈసీసీ దాన్ని పట్టుకుని సరిచేస్తుంది. ఇదేదో లక్షకి ఒకటి జరిగేది అనుకోకండి. గూగుల్ తన సర్వర్లను రెండున్నరేళ్లు గమనించి 2009లో విడుదల చేసిన స్టడీ ప్రకారం, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కులు కనీసం ఒక్క తప్పయినా చూపించాయి. డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉందిగా అని కొందరంటారు. అది చిప్ లోపలి వరకే. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే దారికి ఆ కాపలా లేదు.

అందరికీ ఈసీసీ కావాలా? నా లెక్కలో అక్కర్లేదు. ఇంట్లో సినిమాలు పెట్టుకునే సర్వర్‌కి వద్దు. షాపు లెక్కలు, మార్కులు, పేషెంట్ రిపోర్టులు ఉండే సర్వర్‌కి కావాలి. సినిమాలో ఒక పిక్సెల్ రంగు మారితే ఎవరికీ తెలియదు. లెక్కల్లో ఒక అంకె మారితే అదీ ఎవరికీ తెలియదు, అదే ప్రమాదం. కొనే ముందు మీ బోర్డు, ప్రాసెసర్ రెండూ ఈసీసీకి సపోర్ట్ ఇస్తాయా చూసుకోండి. రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పని చేయదని కూడా గుర్తుంచుకోండి.

ఎస్ఎస్‌డీ: బాక్స్ మీద నంబర్ మొదటి ఐదు నిమిషాలదే

ఎస్ఎస్‌డీ బాక్స్ మీద రాసే రైట్ స్పీడ్ సాధారణంగా క్యాష్ ఖాళీగా ఉన్నప్పటిది. క్యాష్ నిండాక అసలు రంగు బయటపడుతుంది. చవక క్యూఎల్‌సీ డ్రైవ్‌లలో కొన్ని అప్పుడు హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోతాయి. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో మనం ఒకేసారి 300జీబీ రాయం కాబట్టి ఆ సంగతి తెలియదు. 600జీబీ పెళ్లి ఎక్కించే సర్వర్‌లో మొదటి రోజే తెలుస్తుంది. కాబట్టి రివ్యూ చూసేటప్పుడు మొదటి గ్రాఫ్ కాదు, ఎక్కువసేపు ఆగకుండా రాసినప్పుడు ఎంత ఇస్తోందన్న గ్రాఫ్ వెతకండి.

రెండోది, కరెంట్. మన ఊళ్లలో కరెంట్ ఎప్పుడు పోతుందో చెప్పక్కర్లేదు. సర్వర్ల కోసం చేసిన ఎస్ఎస్‌డీల్లో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంట్ పోయిన క్షణంలో చేతిలో ఉన్న డేటాని రాసేసి పడుకునేంత ఛార్జ్ వాటిలో ఉంటుంది. మామూలు ఎస్ఎస్‌డీల్లో ఇది సాధారణంగా ఉండదు. డేటాబేస్ నడిపేవాళ్లకి సెకనుకి 7000 ఎంబీ కంటే ఈ చిన్న కెపాసిటర్ల విలువే ఎక్కువ. అవి ఉన్న డ్రైవ్ బడ్జెట్‌లో లేకపోతే కనీసం యూపీఎస్ పెట్టండి. నేను పెట్టలేదు, అది వేరే విషయం.

మూడోది, హార్డ్ డిస్క్‌ని చులకన చేయకండి. పూర్తయిన పని, పాత ఫొటోలు, బ్యాకప్‌లు, సీసీటీవీ ఫుటేజ్... వీటికి ఒక్కో టీబీకి అయ్యే ఖర్చులో దానికి ఇప్పటికీ పోటీ లేదు. కాకపోతే అది ఒక రోజు పోతుందని తెలిసే కొనాలి. బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ స్టోరేజ్ కంపెనీ తన డ్రైవ్‌ల లెక్కలు 2013 నుంచి బయటపెడుతోంది. వాళ్ల దగ్గర ఏడాదికి నూటికి ఒకటో రెండో పోతున్నాయి. తక్కువే కదా అనిపిస్తుంది, ఆ ఒకటి మనది కానంత వరకు.

"ఇప్పుడే పెద్దది కొంటే తర్వాత బాధ ఉండదు కదా?"

ఇది నాకు చాలామంది చెప్పే మాట. ఇందులో నిజం లేకపోలేదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు చూశాం కదా. ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ అంతా అటే పోతుంటే, మనం కొనే కిట్‌ల ధరలు చుక్కలంటాయి. మైక్రాన్ అయితే డిసెంబర్‌లో క్రూషియల్ బ్రాండ్‌తో చేసే కన్జ్యూమర్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని చెప్పేసింది. ముందే 64 కొనుక్కున్నవాడు తెలివైనవాడిలా కనిపించాడు.

కానీ ధర ఇంతలా పెరిగినప్పుడే లెక్క ఇంకా గట్టిగా వేయాలి. దండగ ర్యామ్ చవకగా ఉన్నప్పుడు చిన్న తప్పు, ఖరీదుగా ఉన్నప్పుడు పెద్ద తప్పు. నా పద్ధతి ఇది. ఇవాళ అవసరం ఏంటో పేరు పెట్టి చెప్పగలిగినంత కొనండి, ఇంకొంచెం పైన వేసుకోండి, స్లాట్లు మాత్రం ఖాళీగా వదలండి. నాలుగు ర్యామ్ స్లాట్లు, ఆరు శాటా పోర్టులు ఉన్న బోర్డు తీసుకోవడం కూడా ఫ్యూచర్ ప్రూఫే. అసలైన ఫ్యూచర్ ప్రూఫ్ అదే.

క్లౌడ్‌లో అయితే ఈ లెక్క ఇంకా తేలిక, ఇంకా ప్రమాదం కూడా. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే తన రీజియన్ తెరిచింది. దాని జీపీ3 డిస్క్ తీసుకుంటే సైజు ఎంతైనా సెకనుకి 3000 ఆపరేషన్లు దాంతోనే వస్తాయి, ఇంకా స్పీడ్ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. అంటే స్పీడ్‌కీ సైజుకీ వేర్వేరు ధర మన కళ్ల ముందే ఉంటుంది. చిన్నగా మొదలుపెట్టి చాలకపోతే పెంచుకోవచ్చు. చూసుకోకుండా పెద్దది పెట్టేస్తే మాత్రం ఆ తప్పుకి ప్రతి నెలా బిల్ వస్తుంది.

మళ్లీ అదే లక్షా ముప్పై ఇస్తే?

ఈసారి షాపుకి వెళ్లే ముందు స్టూడియోలో ఒక వారం కూర్చుంటాను. బాగా పని ఉన్న రోజు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తాను. ప్రాసెసర్ నిండిందా, ర్యామ్ నిండిందా, డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుందా, నెట్‌వర్క్ గీత పైకెక్కి అక్కడే ఆగిపోయిందా? లినక్స్ సర్వర్ అయితే స్వాప్ ఎంత వాడుతోందో, డిస్క్ దగ్గర ఎంతసేపు ఆగుతోందో చూస్తాను. నాలుగు గీతల్లో ఏది ముందు పైకప్పుకి తగులుతుందో దానికే మొదటి రూపాయి.

అప్పటి ధరల్లోనే లిస్ట్ మళ్లీ రాస్తే ఇలా ఉంటుంది. లైట్లు లేని 32జీబీ ర్యామ్, 8,500. ఎడిట్ అవుతున్న పెళ్లి కోసం మామూలు 2టీబీ ఎన్‌వీఎంఈ ఒకటి, 10,000. 8టీబీ హార్డ్ డిస్కులు మూడు, 54,000. మొత్తం 72,500. నేను ర్యామ్, స్టోరేజ్ మీద పెట్టింది 72,000. తేడా 500 రూపాయలు! బోర్డు, ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగితే మిగిలిన దాంతో యూపీఎస్, 2.5 గిగాబిట్ స్విచ్, మూడు నెట్‌వర్క్ కార్డులు వచ్చేవి. గంటన్నర పట్టిన కాపీ 40 నిమిషాల లోపే అయ్యేది. అంటే స్పీడ్ కూడా ఎక్కువే వచ్చేది, స్క్రీన్‌షాట్‌లో కాదు, పనిలో.

మూడు హార్డ్ డిస్కులు ఎందుకంటే, పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 3-2-1 రూల్ ఉంది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరే చోట. ఆ రూల్ చెప్పింది సర్వర్ ఇంజినీర్ కాదు, మా బాబాయ్‌లాంటి ఫొటోగ్రాఫర్ అని తెలిసినప్పుడు నాకు నోట మాట రాలేదు. రెండు డిస్కులు రెయిడ్‌లో పెట్టాం కదా, అదే బ్యాకప్ అనుకోకండి. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్ రెండు చోట్లా నమ్మకంగా డిలీట్ చేస్తుంది.

ఇప్పుడు తెనాలి సర్వర్‌లో రెండో హార్డ్ డిస్క్ ఉంది. మూడోది ప్రతి ఆదివారం స్టూడియోకి వచ్చి, కాపీ అయ్యాక ఇంటికెళ్లి పిన్ని బీరువాలో పడుకుంటుంది. ఆ ఆర్‌జీబీ ర్యామ్ ఇంకా వెలుగుతూనే ఉంది. ఎవరైనా కస్టమర్ "అదేంటండీ అంత బాగుంది" అని అడిగితే బాబాయ్ నా వైపు చూసి నవ్వుతాడు.

మీరు కొనబోయే సర్వర్ ఏదైనా సరే, కార్ట్ తెరిచే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఇందులో డేటా రేపు పోతే నేను ఎవరింటికి వెళ్లి చెప్పాలి? రెండు, ఇప్పుడు పని ఎక్కడ ఆగుతోంది? ఈ రెండింటికీ జవాబు రాసుకున్నాక ఇంకా డబ్బు మిగిలితే, అప్పుడు హాయిగా 7000 ఎంబీ కొనుక్కోండి. లైట్లున్నది కొన్నా నేనేం అనను.